యోగాగ్ని పొక్కులు

సూర్యచంద్రానికి నోరు పూసింది.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. నోరు ఎవరికి పూయదు? వేడి చేసిందన్నారు. ఏలేరు కాలవ గట్టున, జీడితోటల మధ్య ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో వేడి చెయ్యడానికి కారణాలకేం కొదవ లేదు. ఎండలున్నాయి, ఆవకాయ ఉంది, అన్నిటికీ మించి సూర్యచంద్రం ఉపవాసాలున్నాయి. వంట చూసుకునే పేరంటాలు మజ్జిగ మీద మజ్జిగ పోసింది. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది. తగ్గలేదు. నెల తిరిగేసరికి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

ఆ తర్వాత ఛాతీ మీద పొక్కులు లేచాయి. చింతగింజంత లేచి, నిమ్మకాయంత అయ్యేవి. తోలు మరీ పల్చన. కండువా రాసుకుంటే చాలు, చితికిపోయేవి. చితికిన చోట ఎర్రగా, తడిగా, వేణ్ణీళ్ళు పడి కాలినట్టు ఉండేది.

ఇంకెవరైనా అయితే భయపడేవారు. సూర్యచంద్రం సంతోషించాడు.

అతని బాధ అతనిది. ఆశ్రమంలో అతనంత నిష్ఠగా ఉండేవాళ్ళు లేరు. గురువైన గరటయ్య స్వామి కూడా అంత నిష్ఠగా ఉండేవాడు కాదు. స్వామి ధ్యానంలో అప్పుడప్పుడూ గురక పెట్టేవాడు, పప్పులో నెయ్యి రెండోసారి అడిగి వేయించుకునేవాడు. సూర్యచంద్రం చీమ కుట్టినా కదిలేవాడు కాదు, నెయ్యి గిన్నె వైపు చూసేవాడు కాదు. ఇంత చేస్తున్నా ఒక్కడూ గుర్తించడేమని లోపల్లోపల కుమిలేవాడు. ఇప్పుడు ఆ గుర్తింపేదో ఒంటి మీదే వచ్చిందనుకున్నాడు.

"స్వామీ, ఇది మామూలు వేడి కాదు," అన్నాడు ఓ సాయంత్రం, నొప్పిగా ఉన్నా నవ్వుతూ. "యోగాగ్ని. లోపల పట్టక బయటికొస్తోంది."

గరటయ్య స్వామి కళ్ళజోడు పెట్టుకుని పొక్కుల్ని దగ్గరగా చూశాడు.

"యోగాగ్నేనా?"

"ఆయ్, స్వామీ."

"అయితే పొయ్యి పక్కన కూర్చోరా. పేరంటాలుకి కట్టెలు కలిసొస్తాయి."

స్వామి అలా అన్నాడు గానీ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఊరుకోలేదు. ఆశ్రమంలో ఒక శిష్యుడికి తపస్సు ఒంటి మీద పొక్కులై పొంగుతోందని పాకిపోయింది. కొందరొచ్చి దూరం నుంచే దణ్ణం పెట్టి వెళ్ళారు. కొందరు మాత్రం యోగాగ్ని కాదు, సర్పి అన్నారు. ఒంటి చుట్టూ పాములా పాకే పొక్కులవి. పాము తలా తోకా కలిస్తే మనిషి దక్కడని వాళ్ళ భయం. సర్పికి మందేసే ఆయన్ని పక్క ఊరి నుంచి పిలిపించారు. ఆయన పొక్కుల మీద పూయడానికి జేగురు మట్టి నీళ్ళలో కలిపి, పాము ఎక్కడ మొదలైందో చూద్దామని సూర్యచంద్రం చుట్టూ ప్రదక్షిణం చేశాడు. మళ్ళీ చేశాడు. చివరికి గిన్నె కింద పెట్టేశాడు.

"తల ఇక్కడనుకుంటే తోక నాలుగు చోట్ల ఉందండి. ఇది పాము కాదు, పుట్ట. నా వల్ల కాదు," అని వెళ్ళిపోయాడు.

అప్పుడు పేరంటాలు తీర్పు చెప్పింది. అమ్మవారు పోసిందంది. వాకిటి తడికకి వేపమండలు కట్టింది. అమ్మవారు ఇంట్లో ఉండగా పోపు పెట్టకూడదు గనక మూకుడు కడిగి బోర్లించేసింది. ఆ రోజు నుంచి ఆశ్రమంలో పప్పుకి పోపు లేదు, చారుకి పోపు లేదు, పచ్చడికీ లేదు.

గరటయ్య స్వామి సుఖదుఃఖాలకు అతీతుడని పేరున్నవాడు. కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. ఒక మధ్యాహ్నం పప్పు కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకుండా అలాగే చాలాసేపు కూర్చున్నాడు.

"పేరంటాలూ, అమ్మవారు ఎన్నాళ్ళుంటుందే?"

"నీళ్ళు పోసేశాక ఎల్లిపోద్ది సామీ. మాయమ్మ ఎక్కువ రోజులుండదు."

"మరి ఇది వచ్చి ఎన్నాళ్ళయింది? ఇన్నాళ్ళు తిష్ట వేసింది అమ్మవారు కాదు. ఆవిడకి మర్యాద తెలుసు." స్వామి చెయ్యి కడిగేసుకున్నాడు. "ఒరే చంద్రం, చొక్కా తొడుక్కో. కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్దాం."

"చొక్కా అంటుకుపోతుంది స్వామీ."

"అరిటాకు చుట్టుకో."

పోపు కోసమే స్వామి లేచాడని ఆశ్రమంలో అందరూ నవ్వుకున్నారు. నిజానికి శిష్యుడి పక్కటెముకలు బయటపడ్డం చూసినప్పటి నుంచీ ఆయనకి మనసు మనసులో లేదు. అతనంటే ఆయనకి ప్రాణం. ఆ మాట ఎవరితోనూ అనలేదంతే.

బస్సులో అరిటాకులు చుట్టుకున్న మనిషిని చూసి జనం లేచి పక్కకి తప్పుకున్నారు. గురుశిష్యులకి వెనక సీటంతా ఖాళీ అయింది. స్వామి హాయిగా కాళ్ళు జాపుకున్నాడు. కండక్టరు డబ్బులు అందుకోవడానికి వెనకాడి, చిల్లర సీటు మీద పెట్టమన్నాడు.

చర్మవ్యాధుల డాక్టరమ్మ పేరు మెహరున్నీసా. ఆమె సూర్యచంద్రం నోరు చూసింది, వీపు చూసింది. బాగున్న చోట చర్మం మీద బొటనవేలు పెట్టి కొంచెం రాసింది. ఆ మాత్రానికే పైపొర జారిపోయింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది. చిన్న ముక్క కోసి పరీక్షకి పంపి, అతన్ని వార్డులో చేర్చుకుంది. రిపోర్టు వచ్చాక ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"దీన్ని పెంఫిగస్ అంటారండి. అంటుకునే జబ్బు కాదు, భయపడకండి. ఒంట్లోకి వచ్చే క్రిములతో పోరాడే శక్తి ఒకటి ఉంటుంది కదా, అది పొరపాటు పడింది. చర్మాన్ని అతికించి ఉంచే జిగురు ఒకటుంటుంది. దాన్నే శత్రువనుకుని దాని మీద పడుతోంది. జిగురు ఊడిన చోట నీరు చేరి పొక్కు లేస్తోంది. నోట్లోనూ అదే."

సూర్యచంద్రం యోగాగ్ని అన్న మాట కోసం ఎదురుచూశాడు. అది రాలేదు.

"ఎందుకు పొరపాటు పడిందండీ?"

"కచ్చితంగా చెప్పలేం. కొందరికి పుట్టుకలోనే ఆ గుణం ఉంటుంది. కొందరికి ఏదో మందు పడక మొదలవుతుంది. చాలామందికి కారణమే దొరకదు."

"కారణం లేకుండా ఎలా వస్తుందండీ?"

"వచ్చింది కదండీ," అంది డాక్టరమ్మ, మందులు రాస్తూ.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు స్వామిని పక్కకి పిలిచి ఇంకో మాట చెప్పింది. ఒళ్ళంతా ఇలా చితికితే కాలిన మనిషితో సమానమని, ఒంట్లో నీరు పోతుందని, పుండ్లలో చీము చేరితే నెత్తురులోకి పాకుతుందని, పూర్వం దీనికి బతికి బయటపడ్డవాళ్ళు తక్కువని చెప్పింది.

"ఈ మాత్రలు ఆ పోరాడే శక్తిని కాస్త అణుస్తాయి. అందుకని జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా ఆలస్యం చెయ్యొద్దు. చక్కెర పెరగొచ్చు, ఎముకలు గుల్లబారొచ్చు. అవన్నీ నేను చూసుకుంటాను. మోతాదు మెల్లమెల్లగా నేనే తగ్గిస్తాను. ఈయనంతట ఈయన ఆపేస్తే మాత్రం ప్రాణం మీదికొస్తుంది స్వామిగారూ."

స్వామి తలూపాడు.

మందు పనిచేసింది. పాత పుండ్లు మానుతున్నాయి, కొత్త పొక్కులు లేవడం తగ్గింది. సూర్యచంద్రం నోరారా అన్నం తిన్నాడు. తడికకున్న వేపమండలు తీసేశారు. మూకుడు మళ్ళీ పొయ్యెక్కింది. ఆ రోజు ఇంగువ పోపు వాసనకి గరటయ్య స్వామి ధ్యానం మధ్యలో ఆపి లేచొచ్చాడు.

మాత్రల వల్ల సూర్యచంద్రం ముఖం గుండ్రంగా ఉబ్బింది. బుగ్గలు నిండి నిగనిగలాడాయి. పేరులో ఉన్న చంద్రుడు ముఖంలోకి వచ్చేశాడు. మళ్ళీ జనం మొదలుపెట్టారు. ఎంత తేజస్సో చూడండన్నారు. ఈసారి దగ్గరికొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టారు. సూర్యచంద్రం కాదనలేదు. కళ్ళు సగం మూసుకుని చెయ్యెత్తి దీవించడం కూడా కొద్దిగా అలవాటైంది. ఇంతలో సుభద్రాయమ్మ అనే ఆవిడ గుమ్మంలో నిలబడి అతన్ని ఎగాదిగా చూసింది.

"మా అత్తగారికీ ఉబ్బసం మాత్రలేసుకుంటే అచ్చం ఇలాగే వచ్చిందండి, తేజస్సు," అంది.

అంతే. అక్కడితో దణ్ణాలు ఆగిపోయాయి.

యోగాగ్ని పోయింది, తేజస్సూ పోయింది. సూర్యచంద్రానికి ఇక మిగిలింది ఒక్కటే. ఇది పుణ్యం కాకపోతే పాపమై ఉండాలి. ఒంటికి ఊరికే పొరపాటు జరిగిందంటే అతనికి అవమానంగా ఉంది. తనలాంటి వాడికి వచ్చిన జబ్బుకి తనకు తగ్గ కారణం ఉండద్దా?

పాపాల కోసం వెతకడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు బడిలో ఎవరి పలకో పగలగొట్టి ఇంకొకడి మీద చెప్పాడట. పెదనాన్న చుట్టల్లోంచి ఒకటి దొంగిలించి కాల్చి కక్కుకున్నాడట. ఒకసారి తొండని రాయితో కొట్టాడట. గుర్తొచ్చినప్పుడల్లా పరుగున వచ్చి స్వామికి చెప్పేవాడు.

"ఇదేనంటారా స్వామీ?"

స్వామి వినీ వినీ విసిగిపోయాడు.

"ఒరే, ఇంత పెద్ద జబ్బు రావాల్సినంత పాపం చేసే మొహం కాదురా నీది. తొండకి ఇంత ఇస్తే, హంతకులకి ఏం మిగులుతుంది?"

సూర్యచంద్రానికి ఈ మాట కూడా అవమానంగానే తోచింది. ఆ మర్నాటి నుంచి మాత్రలు మానేశాడు. మందేసుకుంటే కర్మఫలాన్ని తప్పించుకున్నట్టవుతుందని, అనుభవించి తీరాలని నిశ్చయించుకుని, మాత్రల అట్టలు చూరులో దోపేశాడు. ఎవరికీ చెప్పలేదు.

పొక్కులు చెప్పాయి. ఈసారి నోటితో, ఛాతీతో ఆగలేదు, వీపూ చంకలూ తొడలూ అన్నిచోట్లా లేచాయి. గోడ పట్టుకుంటే గానీ లేవలేకపోతున్నాడు. స్వామి మాత్రలు మానేసిన సంగతి కనుక్కుని, మొదట కోప్పడ్డాడు, తర్వాత బతిమాలాడు. తన జీవితంలో ఆయన ఎవర్నీ బతిమాలింది లేదు.

"మింగరా. నా మాట విను. చచ్చిపోతావురా!"

"కారణం తెలియకుండా మింగను స్వామీ." సూర్యచంద్రం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నా ఒళ్ళు నన్నే కొడుతోందట. నేనేం పాపం చేశానో చెప్పండి. అది తెలిస్తే మింగుతాను. లేదా చస్తాను."

స్వామి పెరట్లోకి వెళ్ళి పనసచెట్ల కింద అటూ ఇటూ తిరిగాడు. మబ్బులు కమ్ముతున్నాయి. కాసేపటికి ఒక వెదురు కర్ర పట్టుకుని వచ్చాడు.

"పనసకాయలు ఎవడో కోసుకుపోతున్నాడు. చచ్చేలోపల ఒక పని చేసిపెట్టు. తడిక దగ్గర కూర్చో. మనవాళ్ళని రానీ, పైవాళ్ళని ఆపు."

"చేస్తాను స్వామీ," అన్నాడు సూర్యచంద్రం. ఏ పని చెప్పినా పూర్తిగా చెయ్యడం అతని స్వభావం.

చేశాడు. పాలు తెచ్చిన అప్పన్నని తడిక అవతలే నిలబెట్టి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీశాడు. రోజూ పాలు పోసే అప్పన్న బిత్తరపోయి తాత పేరు కూడా చెప్పాడు. కరివేపాకు కోసం కాలవ గట్టుకి వెళ్ళి వచ్చిన పేరంటాల్నీ ఆపాడు.

"నువ్వే పేరంటాలని గుర్తేంటి?"

"గుర్తా? లోపలికి రానీ, మూకుడుతో చూపిత్తాను," అంది పేరంటాలు. ఆ గొంతు విని వదిలిపెట్టాడు.

అంతలో వాన వచ్చింది. మామూలు వాన కాదు, ఎదుటి చెట్టు కనిపించని వాన. సూర్యచంద్రం వసారా చూరు కింద నక్కి, కర్ర పట్టుకుని కళ్ళు చిట్లించి చూస్తున్నాడు. తడిక వైపు ఎవరూ లేరు. కాలవ వైపు కంచె సందులోంచి మాత్రం ఒక ఆకారం వంగి లోపలికి దూరింది. నెత్తి మీంచి గోనెసంచి కప్పుకుంది. భుజం మీద పనసకాయ ఉంది. ఒకటి చాలక ఇంకోటి కోసుకోవడానికి మళ్ళీ వచ్చాడనుకున్నాడు.

"ఎవడ్రా అది?" అని అరిచాడు సూర్యచంద్రం.

వినిపించలేదో, వినిపించుకోలేదో, ఆకారం ఆగలేదు.

"ఆగరా దొంగా!"

పరుగెత్తాడు. ఒంట్లో సత్తువ లేదు గానీ కోపం ఉంది. కర్ర రెండు చేతులా ఎత్తి వీపు మీద ఒక్కటి వేశాడు. పనసకాయ బురదలో పడింది. దాని పక్కనే దొంగ కూడా పడ్డాడు. గోనెసంచి జారి గడ్డం బయటపడింది. సూర్యచంద్రం చేతిలో కర్ర అలాగే ఉండిపోయింది.

"స్వామీ! మీరా!"

గరటయ్య స్వామి బురదలోనే లేచి కూర్చున్నాడు. వీపు తడుముకున్నాడు. వాన నెత్తి మీద కురుస్తూనే ఉంది. ఆయన శిష్యుడి ముఖంలోకి చూసి అడిగాడు.

"నేనేం పాపం చేశానురా?"

"అయ్యో! మీరు పాపం చెయ్యడమేంటి స్వామీ!"

"చెయ్యకపోతే నా శిష్యుడు నన్నెందుకు కొడతాడు? ఏదో చేసే ఉంటాను. ఉండు, ఆలోచించనీ." స్వామి వానలో కళ్ళు మూసుకున్నాడు. "చిన్నప్పుడు మా మేనత్త జాడీలో బెల్లం తినేశాను. అదేనంటావా?"

"కాదు స్వామీ, లేవండి, తడిసిపోతున్నారు..."

"కిందటి జన్మలో నీ గేదెని తోలుకుపోయి ఉంటాను. ఎన్ని లీటర్లిచ్చేదో."

"గేదె లేదు, ఏమీ లేదు స్వామీ!" సూర్యచంద్రం బురదలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఏడుస్తున్నాడు. "మీ తప్పేం లేదు. గోనెసంచిలో మిమ్మల్ని పోల్చుకోలేకపోయాను. పొరపాటు పడ్డాను."

"పొరపాటేనా? నాలో ఏ దోషమూ లేదా?"

"లేదు స్వామీ."

"అయితే నువ్వు చెడ్డవాడివా?"

"కాదు స్వామీ. మీ కోసమే కాపలా..."

వానకి సూర్యచంద్రం భుజం మీద పొక్కు ఒకటి చితికి, నీళ్ళతో పాటు కారిపోయింది. దాని వంక చూసుకున్నాడు. తర్వాత స్వామి వీపు వంక చూశాడు.

"చెయ్యి ఇవ్వరా," అన్నాడు స్వామి. "ఎంతసేపు కూర్చోమంటావు ఈ బురదలో?"

పేరంటాలు స్వామిని వంటింట్లో బోర్లా పడుకోబెట్టి, మూకుట్లో ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టింది. ఆమె తిట్లకి అంతు లేదు. ఒంట్లో నెత్తురు లేనివాడు కొట్టాడు గనక సరిపోయింది గానీ, మంచి రోజుల్లో అయితే సామిని సాగనంపేవాళ్ళమని పదే పదే అంది. స్వామి ప్రతి కాపడానికీ అమ్మా అన్నాడు. మధ్యలో, పనసకాయ పాడవకుండా పొట్టు కొట్టించి రేపు కూర చేయించమని గుర్తు చేశాడు.

సూర్యచంద్రం గుమ్మంలో నిలబడి అదంతా చూశాడు. వెళ్ళి చూరులో చెయ్యి పెట్టి అట్టలు తీసుకొచ్చాడు. మజ్జిగన్నం ఓపిగ్గా, నోరు మండుతున్నా ఆఖరి మెతుకు దాకా తిన్నాడు. మాత్రలు మింగి నీళ్ళు తాగాడు.

"పొద్దున్నే మొదటి బస్సుకి కాకినాడ వెళ్దాం స్వామీ. ఆపేశానని డాక్టరమ్మకి నేనే చెప్తాను. తిడితే పడతాను."

"ఊఁ," అన్నాడు స్వామి. కళ్ళు మూసుకునే ఉన్నాడు.

సూర్యచంద్రానికి ఇంకా మనసు ఆగలేదు. వసారాలో పడున్న వెదురు కర్ర తెచ్చి పొయ్యిలోకి తోశాడు. పొగ లేచింది.

"ఈ జన్మలో ఇంక కర్ర ముట్టను స్వామీ."

గరటయ్య స్వామి ఒక కన్ను తెరిచాడు.

"రేపు నిజం దొంగొస్తే?"

సూర్యచంద్రం కర్రని బయటికి లాగి, అంటుకున్న కొస మీద నీళ్ళు చల్లి, గోడకి ఆనించి పెట్టాడు.